గోతం బరువు

ఆ ఉత్తర్వు టైపు కొట్టింది నేనే.
కళ్యాణదుర్గం ఆర్డీవో ఆఫీసు, సి సెక్షన్,
కిటికీ పక్క సీటు.
పాత ఫారం తెరిచి పేరు మార్చినా, ఊరు మార్చినా:
డీలరు దూదేకుల మాబున్ని, గుండ్లకుంటపల్లి,
బియ్యంలో తేడా నలభై మూడు కిలోలు,
కావున ఆథరైజేషన్ రద్దు.
ఆ 'కావున'కు ముందు ఇంకేమీ లేదు.
టీ ఆరకముందే అయిపోయింది.

నోటీసు ఇయ్యలేదు.
ఇస్తే ఆమె వచ్చేది, వస్తే మాట్లాడేది,
మాట్లాడితే పొద్దుపోయేది.

ఇంగొకటుంది.
అంతకు ముందురోజు సార్ సెల్లు మోగింది.
"అట్లే లేన్నా, చేసేద్దాం" అన్నాడు,
నా తట్టు చూడకుండా.
ఆ మాట ఏ నోట్‌ఫైల్లోనూ లేదు.

మాబున్ని చెవి కమ్మలు కుదువబెట్టి రిట్ వేసింది.
వకీలు ఎర్రిస్వామి ముందే చెప్పినాడంట:
అక్కా, గెలిచినా అంగడి చేతికి రాదు,
మళ్లీ ఆ ఆఫీసుకే పంపుతారు.
పంపనీలే, అనిందంట.

ఎనిమిది నెలలకు తీర్పు మా తపాలాలో వచ్చింది.
మూడు పేజీలు.
నేననుకున్నా, పెద్ద కోర్టు గదా,
బియ్యం తెప్పించి కుప్ప పోయించి తూస్తుందని.
తూయలేదు.
మీరు సరుకు పెట్టినప్పుడు
కాటా ముల్లు సున్నా మీద ఉండెనా
అని మాత్రం అడిగింది.
ఆమెను పిలిస్తిరా? వింటిరా? ఎందుకో రాస్తిరా?
ఆ నలభై మూడు కిలోలు యాడికి పోయినాయో మేం తేల్చం,
ఆర్డీవో కుర్చీలో మేం కూర్చోం,
ఈ ఉత్తర్వు కొట్టేస్తున్నాం,
మళ్లీ విని, మళ్లీ రాయండి.
ఇంత తేడాకు పద్దెనిమిదేండ్ల అంగడి పోవాల్నా
అన్న మాటను కూడా ఎత్తి పక్కన పెట్టింది,
ముందు విన్నాక చూద్దామని.

ఎవరో పలుకుబడి గలాయన చేయించినాడన్న దానికి
రెండే ముక్కలు:
ఆరోపణ ఉంది. ఆధారం లేదు.
ఆ పేరా దగ్గర చానా సేపు ఆగినా.
ఆధారం కళ్యాణదుర్గంలో
కిటికీ పక్క సీట్లో కూర్చుని
చెనిక్కాయలు ఒలుచుకుంటా ఉండె.

ఈసారి నోటీసు ఇచ్చినాం.
పదహైదు దినాల గడువు, చేతికిచ్చి సంతకం.
మాబున్ని ఒక్కతే వచ్చింది,
సంకలో మడిచిన ఖాళీ గోతం.
"కూర్చోమ్మా" అన్నాడు సార్.
ఆమె కూర్చోలేదు.
"నాకిచ్చింది డెబ్బై నాలుగు మూటలు సార్.
గోడౌన్లో గోతంతో కలిపి యాభై అని తూసినారు.
నా అంగట్లో బియ్యం ఒంపి తూసినారు.
గోతాలు ఎవురు తినాల?"

రొంచేపు ఫ్యాను శబ్దం.
పది నెలలుగా ఆ ఒక్క మాట
అడిగేవాడు లేక ఆమె నోట్లోనే ఉండిపోయింది.
అంత దూరంలోని కోర్టు ఆమెకిచ్చింది
ఈ బల్ల ముందర పావుగంట.

సార్ రాసుకున్నాడు. చూస్తాం పో, అన్నాడు.
చూస్తాడో లేదో.
'కావున'కు ముందు ఆరు పేజీలు పేర్చి
మళ్లీ అదే రద్దు రాయచ్చు,
అప్పుడు పెద్ద కోర్టు కూడా ఏమీ అనలేదేమో.

అందరూ పోయినాంక,
ఆమె మరిచిన గోతం, మరిచిందో వదిలిందో,
తపాలా కాటా మీద పెట్టినా.
పెట్టకముందు ముల్లు సున్నాకు తిప్పినా.
ఐదు వందల ఎనభై గ్రాములు.
డెబ్బై నాలుగుతో హెచ్చించి
ఆ కాగితం ఫైల్లో కుట్టినా,
పేజీ నంబరు నూటా పదకొండు.
ఫైల్లో ఉన్నదే గదా, రేపు ఎవరైనా చదివేది.

ఇంకొక కాగితం,
సెల్లు మోగిన దినం తారీఖు వేసి రాసింది,
నా జేబులోనే ఉంది.