నీళ్ల మీద కిరసనాయిలు

పంతొమ్మిదేళ్లు అతని ట్యాంకరు తోలాను.
జీతం ఒక్క శుక్రవారమూ ఆలస్యం కాలేదు,
ఒక్క శుక్రవారమూ నవ్వుతూ ఇవ్వలేదు.
గేథిన్ ప్యూ.
పోర్త్ హెలిగ్‌లో పొగగొట్టమున్న ప్రతి ఇంటికీ తెలిసిన పేరు.
తండ్రి బొగ్గు బస్తాలు మోశాడు, కొడుకు చమురు గొట్టం పట్టాడు,
వేల్స్ చలి ఇద్దరికీ అన్నం పెట్టింది.

అతని చేతులు చూసి పిల్లలు తల్లుల వెనక దాక్కునేవాళ్లు.
ఇరవయ్యేళ్లప్పుడు, దక్షిణాన ఎక్కడో గడ్డకట్టే దీవుల దగ్గర
ఓడ అంటుకుంది. పక్క మంచం కుర్రాడి పేరు ఇద్వాల్.
అంతకుమించి అతను చెప్పలేదు, నేను అడగలేదు.
ఏటా జూన్‌లో ఒకరోజు మాత్రం
డిపోకి తాళమేసి
సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఆ జనవరి మంగళవారం
నెస్టా ప్రోబర్ట్ పెరట్లో తొమ్మిదివందల లీటర్లు నింపాను.
గురువారం రాత్రి అల గోడ దాటింది.
ట్యాంకు దిమ్మల మీంచి లేచి, తేలి, పొర్లి,
గొట్టం విరుచుకుని
ఉన్నదంతా ఇంట్లోకి వదిలేసింది.
తెల్లారి పడవలో వెళ్లాం.
వంటింట్లో మోకాళ్ల లోతు నీళ్లు,
నీళ్ల మీద నెమలికంఠం రంగులు.
అతను వంగి వేలు ముంచాడు, వాసన చూశాడు.
"ఇద్వాల్" అన్నాడు.
ఎవర్నో పిలుస్తున్నాడనుకుని వెనక్కి చూశాను.

మెట్ల మీద నెస్టా, ఒళ్లో తడిసిన పిల్లి:
"బిల్లు నేనే కట్టాలా గేథిన్?"

చేతులు కాలాక ఆకులెందుకంటారు.
కాలిన చేతుల్తోనే పట్టుకున్నాడు ఇతను.
ఆ బిల్లు తన ఖాతాలో రాసుకున్నాడు.
తర్వాత పాత పుస్తకాలన్నీ దించి
మూడు వారాలు కూడాడు.
ముప్ఫై ఒక్క ఏళ్లు. నాలుగు కోట్ల అరవై లక్షల లీటర్లు.
మార్చిలో ట్యాంకర్లు అమ్మేశాడు.
(కొన్నవాడు రంగు మార్చాడు. చమురు ఇప్పటికీ వస్తూనే ఉంది.
పోయింది నా ఉద్యోగం.
ఏడాదిపాటు అతనితో మాట్లాడలేదు, దాచడమెందుకు.)

ఊరూరా తిరగడం మొదలెట్టాడు.
రగ్బీ క్లబ్బులు, చర్చి హాళ్లు, మాజీ సైనికుల బీరు బల్లలు.
కరిగే మంచు బొమ్మలు చూపించడు.
లెక్కల పుస్తకం తెరిచి చదువుతాడు, అంతే:
"ఫలానా ఏడు, ఇంత. కింద సంతకం నాదే."
"సొమ్ము చేసుకున్నాక సుద్దులు చెబుతున్నావా?"
అరిచారు ఎవరో.
"అవును" అన్నాడు. పేజీ తిప్పాడు.

కార్డిఫ్‌లో కమిటీ వాళ్లు మూడు నిమిషాలిచ్చారు.
కళ్లజోడు వెతుక్కోవడానికి రెండు పోయాయి.
మిగిలిన దాంట్లో ఇదీ చెప్పింది:
"ఆరోజు ఆరుగంటలు ఓడలోనే కూర్చున్నాం.
మబ్బు లేదు, ఎండ కాస్తోంది,
విమానాలొస్తాయని అందరికీ తెలుసు.
దిగమని ఎవరో ఒకరు చెబుతారని
ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ
టీ తాగాం."
గంట మోగింది. కూర్చున్నాడు.
ఆ మధ్యాహ్నం కమిటీ ఏమీ తేల్చలేదు.
టీ కప్పులు మాత్రం నిండుగా వెనక్కి వెళ్లాయి.

నెస్టా ఇప్పుడు కూతురి దగ్గర, కొండ మీద.
ఆ ఇంటికి ఇన్సూరెన్సు రాదు, బేరమూ రాదు.
నేను నలభై ఎనిమిదేళ్ల వయసులో
చమురక్కర్లేని వేడి యంత్రాలు బిగించడం నేర్చుకున్నా.
ఫీజు ఎవరు కట్టారో రసీదు మీద లేదు.
అడిగితే వర్షం సంగతి మాట్లాడతాడు.

శనివారం పొద్దున్న గోడ దగ్గర మేమిద్దరం.
కొలకర్ర నేను పట్టుకుంటాను, అంకె అతను రాస్తాడు
అదే పాత పుస్తకంలో,
లీటర్లు రాసిన గడిలో సెంటీమీటర్లు.
పేజీలు ఇంకా చాలానే ఉన్నాయి.
జూన్‌లో ఆ ఒక్కరోజు మాత్రం
నేనొక్కణ్ణే కొలుస్తాను.
అతను పక్కనే ఉంటాడు,
వీపు ఇటు పెట్టి.