పిల్లగడ్డలు

నీళ్లు బందువెట్టిన పదిహేనొద్దులకు
ఆకులు పసుపుపచ్చగై నేల మీద పండుకున్నయి.
అప్పుడు తవ్వాలె.
తొందరపడితే గడ్డకు బలమెక్కదు,
ఆలిస్యమైతే చెద కనిపెడతది.
ఇది నాకు ఎవ్వలు చెప్పలె,
మూడేండ్లు తెల్లారకముందు లిల్లిపూలు తెంపిన వేళ్లే చెప్పినయి.

అరెకరం. కౌలు.
మిడ్జిల్ తొవ్వల ఎర్రచెలక.
కుర్మయ్య గడ్డపారతోటి పక్కనుంచి పొడిచి లేపుతున్నడు,
నేను మన్ను దులిపి తోకలు కోస్తున్న.
గట్టు మీద ఆసామి ఫోన్ల మాట్లాడుకుంట
రంగేసిన రాళ్లు లెక్కవెడుతున్నడు.
వెంచరంట.
ముప్పైమూడు ప్లాట్లంట.
మా బోరు కాడికి ఎవరిదో దేవుని అర్ర వస్తదంట.

"అవి గూడ తీస్కపోతవా అంజిలమ్మా?"
గడ్డల దిక్కు చూసి నవ్విండు.
భూమి నీది సారూ, అన్న.
గడ్డ నేను గుడిమల్కాపూర్ పోయి పైసలిచ్చి తెచ్చింది,
తెచ్చినంక పిల్లలు వెట్టింది.
కోడి ఎవరిదైతే పిల్లలు వాళ్లయే గదా.
ఆయన ఇంకేమనలె,
చెప్పు కాడికి దొర్లిన గడ్డనొకదాన్ని
చెప్పుతోటే నాదిక్కు నూకిండు.

ఏడు సంచులైనయి.

జడ్చర్లల మేముండేది ఒక్కటే అర్ర.
పెద్దగడ్డలు మంచం కింద,
నడిపియి అటుక మీద,
పిల్లగడ్డలు రెండు చాటల్ల, బియ్యం డబ్బా మీద.
కుప్ప పోయొద్దు, కుప్పల ఉన్నది లోపల్లోపల ఉడుకుతది.
పలుచగ పరిచి, పొయ్యి బూడిద చల్లి,
వారానికోపారి
పెంక మీది రొట్టె లెక్క తిప్పాలె.
బొటనవేలు పెట్టి నొక్కాలె.
మెత్తగ తాకితే ఆలోచన చెయ్యొద్దు,
పక్కదాన్ని ముట్టకముందే పారెయ్యాలె.

ఇంటామె జైతూన్‌బీ గడపల నిలవడి ముక్కు ముడిచింది:
"క్యా బూ హై, ఉల్లిగడ్డలు మురుగుతున్నయా?"
పూలమ్మా, అన్న.
అర్రంత కలెజూసింది, ఒక్క పువ్వు లేదు.
నన్నో తీరుగ చూసి పోయింది.
ఫ్యాను మాకు సగం, గడ్డలకు సగం.
రోహిణిల ఒక రాత్రి కరెంటు పోతే
కుర్మయ్య లేచి తువ్వాలతోటి
ఎవరికి విసురుతున్నడో నాకు చీకట్ల తెల్వలె.

ఆయన కూలికి పోయిండు.
యాడికంటే, గా చెలకకే.
రోడ్డుకు కంకర పోసుడు, రోజుకు ఆరు వందలు.
మూడొద్దులు నాకు చెప్పలె.
నాలుగో రోజు కాళ్లు కడుక్కుంట అన్నడు:
"పదకొండో నంబరు ప్లాట్ల
మనం ఇడిచిన గడ్డ ఒకటి మొలిచింది.
కంకర పక్కకు జరిపి లేచింది."
తెచ్చినవా?
"లే."
చానసేపు కాళ్లే కడుగుతున్నడు.
"పైన బుట్ట బోర్లించొచ్చిన. రోలర్ డ్రైవర్‌కు చెప్పిన."
ఇంటడా?
"మనోడే. మద్దూరు దిక్కోడు."

మిరుగం మూడో నాడు వాన వడ్డది.
చాటల్ల చూస్తే
మన్ను లేదు, నీళ్లు లేవు,
గడ్డ కొనకు మాత్రం గింత తెల్లగ,
పసిపిల్ల చిగురుకు పన్ను తగిలినట్టు.
ఇగ ఆగయి.

నవాబుపేట దిక్కు పది గుంటలు దొరికినయి.
పదకొండు నెలలకు కాయిదం రాసిచ్చిండు,
ఒక్కరోజు ఎక్కువ రాయడంట, లాయరు చెప్పిండంట.
పెద్దగడ్డలు సాళ్లల్ల పెట్టినం,
నాలుగేళ్ల లోతు, కొన మీదికి.
ఇవి దసరాకు పువ్విస్తయి.
పిల్లగడ్డలకు ఈయేడు ఆకే.
పువ్వు రావాలంటే ఇంకో ఏడు పట్టాలె.

పదకొండు నెలలు వేళ్ల మీద లెక్కవెట్టి చూసిన.
మళ్ల లెక్కవెట్టిన.

పిల్లగడ్డల్ని అంచుకు నాటిన,
బాట పక్కపొంటి,
తవ్వుకపోను అల్కగ ఉంటదని.