పుర్రచెయ్యి

రాయపురం వంతెన దిగుతుంటే
నెల్లూరు లారీ ఒకటి పక్కనే వచ్చి ఆగింది.
స్టాన్లీ ఆసుపత్రికి దారి అడుగుతూ
క్లీనరు అరవంలో మొదలెట్టి
నా మొహంలో ఏం చూశాడో, తెలుగులోకి దిగాడు.
కుడిచేతిలో ప్రూఫు కాగితాల సంచి.
ఎడమచెయ్యి ఎత్తి చూపించాను.

క్యాబిన్లోంచి ఒక ముసలమ్మ తల బయటపెట్టింది:
"పురిటిబిడ్డని చూడబోతున్నాం తల్లీ,
మంచి చేత్తో చూపరాదా?"

సంచి చెయ్యి మార్చుకున్నాను.
నలభై ఏళ్లుగా మార్చుకుంటూనే ఉన్నాను,
పలక పట్టినప్పుడూ, పేరంటంలో తాంబూలం అందుకున్నప్పుడూ,
మా పెద్దమేనత్త సుభద్రాయమ్మ
నా మణికట్టుని మంచంకోడుకి కట్టేసిన మధ్యాహ్నం నుంచీ.

తంబుచెట్టి వీధిలో నిఘంటువుల ప్రూఫులు దిద్దుతాను.
పోయిన వారం 'ఎల్' అక్షరం వచ్చింది.
లెఫ్ట్: పూర్వార్థం, బలం లేనిది, కొరగానిది.
పెన్సిలు ఆగిపోయింది.
పట్టుకున్నది ఆ చెయ్యే మరి.
అంతకన్నా ముందు ఆ వైపుకి ఇంకో పేరుండేదట,
'మరింత స్నేహమైనది' అని దానికి అర్థమట.
దీపం ఆరిందనలేక కొండెక్కిందన్నట్టు
భయపడే పెట్టుంటారు ఆ ముద్దుపేరు.
తర్వాత దాన్నీ తీసేసి దీన్ని తెచ్చుకున్నారు,
ఎడమచెయ్యి తీసి పుర్రచెయ్యి పెట్టినట్టు.

ఈ ఊరి ఆటోవాళ్లు నయం, దాపరికం లేదు.
కుడికి తిరగాలంటే "సోత్తాంకై పక్కం",
అన్నం చేతి వైపు.
ఎడమకి వాళ్లనే మాట
అన్నం అరిగిన తర్వాతి సంగతి.
మన కుడి కూడా కుడుచుకునే చెయ్యేనేమో.
అచ్చులో పెట్టే ధైర్యం నాకు లేదు.

లారీ ఇంకా గురగురలాడుతోంది.
కుడిచెయ్యి చాపాను.
అలవాటు లేని వేలు
తిన్నగా హార్బరు వైపు తిరిగింది.
"అటా?" అన్నాడు క్లీనరు.
"అటు కాదయ్యా. లెఫ్ట్‌కి."

లెఫ్ట్ అంటే ముసలమ్మ ఏమీ అనలేదు.
నా చేతుల వంక ఒకసారి చూసి
తల లోపలికి తీసుకుంది.
ఎడమకన్ను అదురుతూ అదురుతూ
లారీ మలుపు తిరిగింది.
ఆడపిల్లేమో,
అడగనే లేదు.