నెర్రె

సాన్పి సల్లంగ చూసిన.
గడప ముందట సన్నటి గీత,
సీమల బారనుకున్న.
బొక్కెన వొంపితే
నీళ్ళు పారలే, మడుగు గట్టలే,
దూప మీదున్న గొడ్డు లెక్క
గుటగుట గుంజుకున్నది భూమి.

గోదావరిఖనిల మా లైను కింద పాత బాయి.
ముప్పై ఏండ్ల కింద బొగ్గంత తోడి
ఇసుక నింపినమన్నరు.
నింపినోళ్ళ లెక్కల్ల అది నిండే ఉన్నది.

నల్లా కాడ జెప్పిన.
"ఎండకాలం నేల వగులదా వదినే" అన్నది రాజక్క.
మస్టర్ ఆఫీసు కాడ జెప్పిన.
"కొత్త క్వార్టర్ కోసం ఎత్తు" అన్నడు ఓదెలు.
అందరు నవ్విన్రు, ఆఖరికి మా ఆయన గూడ.
సర్వే సారు జీపు దిగలే,
అద్దం దించి "ఎలుక బొర్రమ్మా" అన్నడు.

నాకూ ఎలుకే కావాలె.
నా మాట అబద్ధమైతే
యాటను గోస్తనని మొక్కుకున్న.

సోమారం నెర్రెకు అడ్డంగ అగ్గిపుల్ల వెట్టిన.
శుక్రారానికి పుల్ల జారి లోపల వడ్డది.
ఇంకోటి ఇడిసి చెవి ఆనించిన.
పడ్డ చప్పుడు రాలే.

నిన్న రాత్రి కరెంటు వొయ్యింది.
ఉక్కకు తలుపు తీస్తే
గోడవతల టార్చిలైటు.
ఓదెలు.
చెప్పుల్లేకుంట, వాళ్ళ వాకిట్ల మోకాళ్ళ మీద
చెంబుతోని నీళ్ళు వోస్తుండు,
ఆగుతుండు,
మళ్ళ వోస్తుండు.

నన్ను జూసి లైటు బందు వెట్టిండు.
చీకట్ల ఇద్దరం
నేల తాగుతున్న చప్పుడు ఇన్నం.

పొద్దుగాల నల్లా కాడ
అందరికన్న గట్టిగ
ఆయనే నవ్విండు.