ఎవరివీ కాని గంటలు

బుధవారం నాలుగింటికి, మూడో అంతస్తులో
ఏసీ నీళ్లు కారే గదిలో కూర్చుంటాం.
కిటికీలో సగం కొండ, సగం అలిపిరి బస్సుల దుమ్ము.
ఎవరో తెచ్చిన మురుకులు
స్టీలు డబ్బాలో మెత్తబడుతుంటాయి.

చెంగల్రాయుడు, అరవై ఒకటి,
పెనుమూరు దగ్గర పల్లె. బెల్లం వండే మనిషి.
పద్నాలుగేళ్ల కిందట గుండెలో లోహపు కవాటం పెట్టాం.
రాత్రిళ్లు అది టిక్కుమంటుంటే
మనవరాలు గడియారమనుకుని లెక్కపెడుతుందట.
ఇప్పుడు పెద్దపేగులో గడ్డ. నెత్తురు కారుతోంది.
కిడ్నీలు సగానికి సగం.

కవాటానికి నెత్తురు పలచగా ఉండాలి.
గడ్డకు చిక్కగా ఉండాలి.
ఉన్నది ఒక్క మనిషి, ఒకటే నెత్తురు.

సర్జన్ రెడ్డెప్ప స్కాను మీద పెన్నుమూతతో గీస్తాడు:
"ఇప్పుడైతే తీసేస్తా. నెల పోతే నా చేతిలో ఉండదు."
కిడ్నీల హసీనా మేడం తలెత్తకుండా
క్రియాటినిన్ అంకెను రెండుసార్లు చదువుతుంది,
రెండోసారికి తగ్గుతుందేమో అన్నట్టు.
మత్తిచ్చే తులసీరాం మురుకు విరుస్తాడు.
చప్పుడు రాదు.

నేను గుండె డాక్టర్ని. నా వంతు వస్తుంది.
నాకు గుర్తొచ్చేది పుస్తకం కాదు,
మూడేళ్ల కిందటి పదిహేడో మంచం.
మందు ఒక్క పూట ఆలస్యం చేశాను.
తెల్లారేసరికి ఆమెకు మాట పోయింది, మూడోరోజుకు మంచం ఖాళీ.
ఆ పేరు ఈ గదిలో ఎవరం ఎత్తం.
"తొందరగా మొదలుపెడదాం" అని నేనన్నప్పుడల్లా
అది నా మాటో, ఆమె మాటో తేల్చుకోలేను.
రెడ్డెప్పకూ ఒక మంచం ఉంది,
కుట్లలోంచి ఊరిన నెత్తురుతో దుప్పటి తడిసిన మంచం.
అతను "ఆగుదాం" అంటే నాకు ఆ దుప్పటి కనిపిస్తుంది.
చచ్చిపోయిన ఇద్దరి తరఫున ఇద్దరం వాదించుకుంటాం,
బతికున్నవాడి ఫైలు మీద మోచేతులు ఆనించి.

చివరికి లెక్క ఇట్లా తేలింది:
కత్తి పెట్టే ఆరుగంటల ముందు డ్రిప్పు ఆపాలి.
ఆపరేషన్ మూడు గంటలు.
మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?
ఒక పుస్తకం పన్నెండంటుంది, ఇంకోటి ఇరవై నాలుగు.
మధ్యలో పన్నెండు గంటలు
ఎవరివీ కావు.

సాయంత్రం వార్డుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను.
కాళ్లు ముడుచుకుని విన్నాడు.
"పాకం దించేది గూడా అంతే మేడమ్మా.
ముందర దించితే గట్టిపడదు, రవ్వంత ఆలస్యమైతే మాడతాది.
చుట్టూ పదిమంది చెప్తానే ఉంటారు. చెప్పనీ.
తెడ్డు మాత్రం ఒకరి చేతిలోనే ఉండల్ల.
మీ చేతిలో ఉంటాదా, ఆ కోసే అయ్య చేతిలోనా?"

"అందరం ఉంటాం" అన్నాను.

"అది జవాబు గాదు మేడమ్మా."

ఆపరేషన్ బాగా జరిగిందని రాశాం.
రాత్రి రెండు. పద్నాలుగో గంట.
డ్రెయిను సంచిలో నూటఇరవై.
ఎరుపంటే ఎరుపు కాదు, గులాబీ అనడానికీ ధైర్యం చాలదు.
ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను.
టిక్కు. టిక్కు.
మధ్యలో ఒకటి మొద్దుగా వినిపించిందా?
వెంటిలేటరు చప్పుడు అడ్డం. మళ్లీ విన్నాను. మళ్లీ.

రెడ్డెప్ప మొదటి రింగుకే ఫోనెత్తాడు.
అంకెలు చెప్పాను. ఇద్దరం ఊరుకున్నాం.
రేణిగుంట వైపు ఏదో రైలు కూత పెట్టింది,
నా కిటికీలోనూ, అతని ఫోనులోనూ, కాస్త తేడాతో.

"మొదలుపెడదాం" అని ఒకరం అన్నాం.
ఎవరమన్నామో ఇప్పటికీ ఇద్దరికీ పొత్తు కుదరదు.
ఫైలులో టైము రెండూ ఇరవై, కింద నా సంతకం.

సిస్టర్ డ్రిప్పు వదిలింది.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
తెడ్డు ఎంత బరువుంటుందో
ఆయన్ని అడగడం మర్చిపోయాను.

మూడింటికి సంచి మళ్లీ చూడాలి.