జీతం చీటీ వెనుక

ఎర్ట్స్ కొండల్లో మంచు కిటికీ సగానికొచ్చింది.
లిండెన్ పలకకు పల్చగా జిగురు పూసి
ఓర్ట్రూన్ కాగితం అద్దుతుంది,
ముడత పడితే గనికార్మికుడి ముక్కు వంకరపోతుందని
మధ్య నుంచి అంచులకు నిమురుతూ.

బొమ్మ ఎగ్బర్ట్ గీసిందే,
మూతపడ్డ తగరం గని
జీతం చీటీల వెనుక.

రంపం వెంట్రుకంత.
గీత పక్కన నడవాలి, గీతను తినకూడదు.
రెండు చేతులు, రెండు కొవ్వొత్తులు
విరక్కుండా బయటపడ్డాయి.

ఇక బ్రష్షుతో టర్పెంటైన్.
తడిసిన కాగితం గాజై
అటువైపు అక్షరాలు తిరగబడి తేలతాయి:
పని గంటలు, కోతలు, చేతికొచ్చింది.
ఆరేలోగా చదవాలి.
చదివి, "ఇంతేనా?" అని
ఎప్పట్లాగే అతన్ని కసిరి
మూల పట్టి లాగుతుంది.

డ్రాయరులో
ఇంకా పదకొండు నెలలున్నాయి.