మూడో కూత

కుక్కర్ నెత్తి మీది విజిల్ కనిపించలేదు.
ఎంతని, గుప్పెట్లో ఇమిడిపోయే ఇనప బొడిపె.
అది లేకపోతే ఇల్లంతా ఎలా ఆగిపోతుందో
ఈ పొద్దున్నే తెలిసింది.

ఆరున్నర.
క్రోంపేటలో మూడో అంతస్తు.
కింద నీళ్ల లారీ వెనక్కి వస్తూ వాయించే అదే పాట.
నానిన కందిపప్పు నా మొహంలోకి చూస్తోంది.
శౌరి బడి ఆటో ఏడూ ముప్పావుకి,
మురహరి లోకల్ ఎనిమిదీ ఐదుకి.
నా బండి ఎప్పుడో వెళ్లిపోయింది,
నేనింకా ప్లాట్‌ఫామ్ మీదే ఉన్నాను, నైటీలో.

సోఫా కింద చీపురు పెట్టి లాగితే
మా సంసార చరిత్రంతా దుమ్ముతో సహా వచ్చింది.
తుఫాను రాత్రి వెలిగించిన కొవ్వొత్తి ముక్క,
సగం కొరికిన మురుకు
(ఆ పళ్లు ఎవరివో నాకు తెలుసు),
కరెంటు బిల్లు, కట్టామో లేదో,
ఇంకా నా చెవి దిద్దు.
పోయిన వేసవిలో దాని కోసం
పనికొచ్చే సెల్విని లోలోపల అనుమానించాను.
సెల్వీ, పైకి అనలేదు కాబట్టి
క్షమించమని అడగడానికీ వీల్లేదు.
రేపు కాఫీలో ఇంకాస్త పాలు పోస్తాను.

విజిల్ ఎవరు తీశారన్నాను.
శౌరి చెల్లెల్ని చూపించాడు.
మేదిని నన్ను చూపించింది.
మురహరి పేపర్లోంచి తలెత్తకుండా
"నువ్వే ఎక్కడో పెట్టుంటావు" అన్నాడు.
మా ఇంట్లో ఎక్కడో అని ఒక చోటుంది.
పోయినవన్నీ అక్కడే ఉంటాయి,
పెట్టేది మాత్రం ఎప్పుడూ నేనే.

పక్కింటి కోమళవల్లి మామి తన విజిల్ ఇచ్చింది.
నాన్న చెప్పుల్లో పిల్ల కాలులా
అది అటూ ఇటూ ఊగి
ఆవిరంతా వదిలేసింది.
"పరవాయిల్లై" అంది మామి.
మన పరవాలేదుకి ఆ మాట పినతల్లి కూతురు.
తర్వాత మూత పెట్టి గిన్నెడు సాంబారు పంపింది.
ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కదా,
ఇక ఆ బాకీ ఒకటి.

గిన్నెలో పప్పు ఉడికించడం మా అమ్మమ్మ విద్య.
చిటికెడు నూనె, చూపు మంట మీద,
నోట్లో ఏదో ఒక కబురు.
నాకొచ్చింది లెక్క ఒక్కటే,
మూడు కూతలు, కట్టెయ్యి.

శౌరి డబ్బాలో బ్రెడ్డూ పంచదారా.
"మిస్ తిడుతుందమ్మా."
"మిస్సుని ఒక విజిల్ తెచ్చిపెట్టమను."
ఒక కాలికి తెల్ల సాక్సు,
ఇంకో కాలికి ఒకప్పుడు తెల్లదైన సాక్సు వేసుకుని
హారన్ మోతకి మెట్లు దూకేశాడు.

ఎనిమిదీ నలభైకి మురహరి ఫోను.
గొంతు తగ్గించి, గిండీ మెట్ల మీంచి.
"షూలో దొరికింది."
"ఏంటి?"
"అదే. నీ విజిల్.
సాక్సు ముడతపడిందనుకుని
ఆరు స్టేషన్లు నిలబడే వచ్చాను."
నవ్వు ఆపుకున్నాను.
లేదు, ఆపుకోలేదు.
అవతల ఆయనా కుంటుతూ నవ్వుతున్నట్టు వినిపించింది.
ఇవాళంతా అది ఆఫీసులో
ఏ ఫైలు మీదో కూర్చుంటుంది,
మా ఇంట్లో ఉద్యోగానికి వెళ్లిన రెండో మనిషి.

పది దాటాక తలుపు ఓరగా వేసి
నెత్తి మీద మొదటి చెంబు పోసుకున్నాను.
వంటింట్లోంచి కూత.
ఇంకోటి.
మూడోదానికి నా నోరు దానంతటదే
"ఎవరన్నా కట్టెయ్యండే!" అని అరిచింది.
ఎవరున్నారు ఇంట్లో?
ఏ విజిల్ ఉంది?

తడి కాళ్లతో పరిగెత్తితే
మేదిని నేల మీద,
ఒళ్లో కుక్కర్,
బుగ్గలు పొంగించి పెదాలు సున్నా చుట్టి
నాలుగో కూతకి సిద్ధంగా ఉంది.
నన్ను చూసి ఆపేసింది.
"ఉడికింది. తిను" అంది.

పొద్దున్నించి ఆ మాట నాతో అన్న మొదటి మనిషి.

కూర్చుని మూత తీశాను.
లోపల, శౌరి రెండో తెల్ల సాక్సు.